ముసురులో దీవికి

ఆయన ఫోను ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"ఆయన లేడమ్మా," అంది.

"ఎక్కడికి వెళ్లాడు? నేను వాళ్లావిడని మాట్లాడుతున్నా," అన్నాను.

"ఆ మాట అడగమాక తల్లీ," అని పెట్టేసింది.

మళ్లీ చేస్తే మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత స్విచాఫ్ అని వచ్చింది.

తెనాలిలో మా ఇంటి ముందే నాకు టిఫిన్ బండి ఉంది. ఆ ఉదయం ముసురు పట్టి ఉంది. బండి పైన కట్టిన పట్టాలో నీళ్లు నిలిచి సంచిలా వేలాడుతున్నాయి. ఇడ్లీలు తీస్తున్న నా చేయి అలాగే ఆగిపోయింది. "ఏంటమ్మా, చట్నీ వేయవా?" అని ఎదురుగా ఉన్నాయన అడిగితే ఆయన ప్లేటులో సాంబారు పోశాను.

ఫోనులో నేను అడిగింది నా భర్త గురించి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన రైసుమిల్లులో బస్తాలు మోశాడు. మిల్లు మూతపడ్డాక చాలాకాలం ఇంట్లోనే ఉన్నాడు. నా బండికి కొబ్బరికాయలు కొట్టి పెట్టడం, నీళ్లు మోయడం, మంచం మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూడటం, అంతే. పోయిన ఏడాది ఒక పని దొరికింది. రేపల్లె దాటి వెళ్తే, కృష్ణ సముద్రంలో కలిసే వైపు ఒక చిన్న దీవి ఉంది. అక్కడివాళ్లు దాన్ని దిబ్బ అంటారు. ఒక పక్క మడ అడవి, ఒక పక్క సముద్రం, మధ్యలో ఇసుక, సరుగుడు చెట్లు. ఒక షావుకారు దాని మీద తాటాకు పాకలు వేసి, మంచాలూ పరుపులూ పెట్టి, సముద్రం చూడటానికి వచ్చేవాళ్లకు అద్దెకిస్తాడు. వానాకాలంలో అక్కడికి ఎవరూ రారు. కాని గాలికి తాటాకు లేచిపోకుండా, పరుపులు తడవకుండా చూసుకోవడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి మా ఆయన.

మొదటి ఏడు ప్రతి శనివారం ఇంటికి వచ్చేవాడు. ఆదివారం ఇద్దరం చర్చికి వెళ్లేవాళ్లం. సోమవారం పొద్దున్నే మళ్లీ బయలుదేరేవాడు. ఈ వానాకాలం మొదలయ్యాక రావడం తగ్గింది. ఒక వారం గాలి ఎక్కువగా ఉందన్నాడు. ఇంకో వారం పాక కూలిందన్నాడు. ఆ తర్వాత ఏ కారణమూ చెప్పలేదు, రానూ లేదు.

వచ్చిన రోజుల్లో కూడా మనిషి వేరుగా కనిపించాడు. బాగా నల్లబడ్డాడు. పొట్ట తగ్గింది. మిల్లులో ఉన్నన్నాళ్లూ సాయంత్రానికి నడుం పట్టుకుని మూలిగేవాడు, ఇప్పుడు స్నానం చేస్తూ కూనిరాగం తీస్తున్నాడు. తలుపు దగ్గర నిలబడి విన్నాను. చర్చి పాట కాదు, నాకు తెలిసిన ఏ పాటా కాదు.

"ఎక్కడ నేర్చుకున్నావు ఆ పాట?" అని అడిగాను.

"ఏ పాట?" అన్నాడు.

యాభై దాటిన మగవాడు ఊరికే ఎందుకు పాడతాడు? మా వీధిలో ఒకాయన ఇలాగే హఠాత్తుగా పాడటం మొదలుపెట్టాడు. ఇప్పుడు గుంటూరులో వేరే కాపురం ఉంటున్నాడు.

బాపట్లలో మా వదిన ఉంది. మా ఆయనకు అక్క. ఆమెకు ఫోను చేసి సంగతి చెప్పాను.

"మా తమ్ముణ్ణి అనుమానిస్తున్నావా?" అని గయ్యిమంది. "వాడు తలెత్తి ఆడదాన్ని చూసే మనిషేనా? నీ నోటికి అడ్డూ ఆపూ లేదా?" తర్వాత గొంతు తగ్గించి, "గొంతు ఎట్టా ఉందే?" అంది.

"ఎవరిది?"

"దానిదే. చిన్నదా, పెద్దదా?"

"నలభై ఉంటాయేమో వదినా."

"రేపు పొద్దున రైలుకి వచ్చేస్తున్నా. నువ్వు గొడుగు పెట్టుకో," అని ఫోను పెట్టేసింది.

మర్నాడు వదిన తెనాలిలో దిగగానే ఇద్దరం రేపల్లె రైలెక్కాం. కిటికీలోంచి జల్లు కొడుతోంది, తలుపు దించమని వదిన గొణుగుతోంది. నేను దించనివ్వలేదు. నాకు స్టేషను బోర్డులు చదవడం ఇష్టం. యాభై దాటాక, చర్చిలో మధ్యాహ్నం పూట ఒక టీచరమ్మ దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. అంతకు ముందు ఈ దారిలో ఊళ్లను చెట్లను బట్టీ వంతెనలను బట్టీ గుర్తుపట్టేదాన్ని. వేమూరు చదివాను, భట్టిప్రోలు చదివాను. చేలల్లో ఆడవాళ్లు ప్లాస్టిక్ కవర్లు తల మీద కప్పుకుని నాట్లు వేస్తున్నారు. చిన్నప్పుడు నేనూ చెరుకుపల్లి చేలల్లో అలా నాట్లు వేసినదాన్నే. వానలో వంగి ఉన్న మనిషికి పక్క మడిలో ఏం జరుగుతుందో కనపడదు.

"అక్కడికెళ్లాక నువ్వు నోరెత్తమాక. నేను మాట్లాడతా," అంది వదిన.

"ఏం మాట్లాడతావు?"

"ముందు దాని మొహం చూడనీ."

రేపల్లెలో బస్సెక్కి, ఆ తర్వాత ఆటో ఎక్కి రేవుకు చేరేసరికి ఒంటి మీద పొడి గుడ్డ లేదు. దిబ్బకు వెళ్లే ఇంజన్ పడవలో మేమిద్దరమూ, కొన్ని బియ్యం బస్తాలూ, ఒక గ్యాసుబండా, అంతే. పడవవాడు మా చెప్పులూ మా గొడుగులూ చూసి నవ్వాడు.

"సముద్రం చూడాలంటే జనం బాపట్ల వెళ్తారు, చీరాల పక్కన రామాపురం వెళ్తారు. ఈ ముసురులో దిబ్బకొచ్చేవాళ్లని మిమ్మల్నే చూస్తున్నానండి."

"నేను బాపట్లదాన్నే బాబూ. మా సముద్రం మాకు పాతబడిపోయింది," అంది వదిన.

పడవ మడ అడవి మధ్య కాలువలో వెళుతోంది. రెండు పక్కలా చెట్ల వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకుని ఉన్నాయి. నేను మామూలుగా అడిగినట్టే అడిగాను. "ఆ పాకల కాడ కాపలా ఉంటాడే, తెనాలాయన, ఎట్టా ఉన్నాడు?"

పడవవాడు నా వైపు చూశాడు. వదిన వైపు చూశాడు. "మీరేమవుతారండి?"

"నా భర్త."

అతను ఇంజను వైపు తిరిగి, బాగానే ఉన్న తాడును విప్పి మళ్లీ కట్టాడు. "వాన పెద్దదయ్యేట్టుంది," అన్నాడు. తర్వాత ఒడ్డు చేరేదాకా మా వైపు తిరగలేదు. వదిన మోచేత్తో నన్ను పొడిచింది. వీడికీ తెలుసన్నమాట అని ఆ పోటుకు అర్థం.

దిబ్బ మీద దిగాం. కాలండర్లలో దీవుల బొమ్మలు చూశాను, నీలం నీళ్లూ తెల్లటి ఇసుకా ఉంటాయి. ఇక్కడ సముద్రం బురద రంగులో ఉంది. ఇసుక తడిసి నల్లబడింది. వానకు, గాలికి సరుగుడు చెట్లు ఒకే వైపు వంగి హోరుమంటున్నాయి. పాకల ముందు ఒక బోర్డు ఉంది. "వానాకాలం మూసి ఉంచబడును" అని కూడబలుక్కుని చదివాను. "మూసి ఉందని కనపడట్లా? చదవాలా?" అంది వదిన. మా ఆయన ఉండే పాక కూడా తాళం వేసి ఉంది. కిటికీ సందులోంచి చూస్తే పై కప్పు ఒక మూల కారుతోంది. మంచం మీద పరుపు లేదు, దుప్పటి లేదు, మనిషి పడుకున్న జాడ లేదు.

పాకల వెనక, సరుగుడు తోట దాటాక, చేపల వేట మీద బతికేవాళ్ల ఇళ్లు ఉన్నాయి. ఒక వరసలో చిన్న చిన్న ఇళ్లు. మొదటి ఇంటి వాకిట్లో, చూరు కింద ఆయన చెప్పులు కనపడ్డాయి.

అవి ఆయనవే. ఎడమ చెప్పు పట్టీ తెగితే నేనే తెనాలిలో నీలం దారంతో కుట్టించాను. రెండూ పక్కపక్కనే, ముచ్చటగా, గుమ్మం వైపు తిప్పి పెట్టి ఉన్నాయి. పైన దండెం మీద ఆయన గళ్ల లుంగీ, తువ్వాలు. వాటి పక్కనే ఆకుపచ్చ చీర ఒకటి ఆరేసి ఉంది.

దారిపొడుగునా తాను మాట్లాడతానని చెప్పిన వదిన నా వెనక్కి జరిగింది.

లోపలి నుంచి ఒకామె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. మెడలో పసుపుతాడు ఉంది, బొట్టు ఉంది. కాని తల దువ్వుకోలేదు, జుట్టు ముడి లేకుండా భుజాల మీద పడి ఉంది. నేనెవరో చెప్పాను. ఆమె మొహం వెలిగింది.

"మీరా అక్కా! లోపలికి రండి, తడిసిపోయారు." ఆ గొంతు ఫోనులో విన్న గొంతే.

"ఆయనేడి?" అన్నాను.

వెలిగిన మొహం ఆరిపోయింది. "కూర్చోండి. టీ పెడతా," అంది.

"టీ తర్వాత. నా మొగుడేడమ్మా?"

ఆమె వేలు పెదవుల మీద పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది. వదిన నా చెవిలో, "చూశావా, నీ మొగుడి ఊసెత్తితే నోటికి తాళం పడింది," అంది.

టీ ఇచ్చాక వదిన తెలివిగా వేరే వైపు నుంచి మొదలుపెట్టింది. "మీ ఆయనేం చేస్తాడమ్మా?"

"అన్నం తింటారా? చారు ఉంది," అంది ఆమె.

"మీ ఆయన ఇంట్లో లేడా?"

"ఎండు రొయ్యలు వేయిస్తా."

మొగుడున్న ఆడది మొగుడి గురించి అడిగితే ఎందుకు చెప్పదు? ఉంటే చెప్పేది. పసుపుతాడు ఒకటే ఉందన్నమాట అనుకున్నాను. అప్పుడే గూట్లో నల్ల అట్ట పుస్తకం కనపడింది. ఆయన బైబిలు. వాన తగలకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి, వాళ్ల దేవుడి పటం పక్కన పెట్టి ఉంది. దండెం మీద లుంగీ చూసినప్పుడు కోపం వచ్చింది. ఆ పుస్తకాన్ని ఆ గూట్లో చూసినప్పుడు టీ గ్లాసు కింద పెట్టేశాను. లుంగీ ఎక్కడైనా ఆరేసుకోవచ్చు. బైబిలు పెట్టుకున్న చోట మనిషి ఉండటానికి నిశ్చయించుకున్నట్టే కదా.

వాన కాస్త తెరిపి ఇస్తే పక్క ఇళ్లకు వెళ్లి అడిగాం. ఒక ముసలమ్మ "ఏమోనమ్మా" అని వల మీదికి వంగింది. ఇంకొకామె మమ్మల్ని చూడగానే తలుపు దగ్గరకు వేసింది. ఆ వరసలో ఎక్కడా మగవాళ్లు కనపడలేదు. ఊరంతా ఒక్కటై మా ఆయన్ని దాచినట్టు అనిపించింది. తిరిగి మొదటి ఇంటికే వచ్చాం. సాయంత్రం పడవ రాలేదు. గాలి ఎక్కువైంది, ఇక రేపే అన్నారు. దిబ్బ మీద మాకు ఇంకో గూడు లేదు కనుక ఆమె పెట్టిన అన్నం ముందే కూర్చోవలసి వచ్చింది.

తినబోయే ముందు కళ్లు మూసుకుని పైకే ప్రార్థన చేసుకోవడం నాకు అలవాటు. "ప్రభువా, నా భర్త ఎక్కడున్నా నువ్వు చూస్తున్నావు. ఆయన్ని క్షేమంగా ఇంటికి..." అనేంతలో ఆమె చేయి నా చేతి మీద పడింది.

"అక్కా, నీకు దణ్ణం పెడతా. ఆ మాట పైకి అనమాక. దేవుడిక్కూడా చెప్పమాక."

"దేవుడికి చెప్పకూడని పని ఏం చేస్తున్నారమ్మా మీరు?"

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా కంచంలో రొయ్యలు మరికొన్ని వేసింది.

ఆ రాత్రి వదిన గురక పెట్టింది, నేను పెట్టలేదు. తెల్లవారాక ఒక నిర్ణయానికి వచ్చాను. గూట్లోంచి బైబిలు తీశాను. దండెం మీది లుంగీ, తువ్వాలు లాగాను. అన్నీ నా సంచిలో కుక్కుకున్నాను.

"ఇవి నావి, తీసుకెళ్తున్నా," అన్నాను. "మనిషిని నువ్వే ఉంచుకో."

ఆమె బైబిలు తీస్తే ఏమీ అనలేదు. లుంగీ తీస్తే ఏమీ అనలేదు. వాకిట్లో చెప్పులు అందుకోగానే కేక పెట్టి మీద పడింది.

"చెప్పులు కదల్చమాకమ్మా! వాటిని అట్టానే ఉండనీ!"

"నా మొగుడి చెప్పులు నీ గుమ్మం ముందు ఎందుకుండాలి?"

"చెప్తా, చెప్తా, ఇప్పుడు కాదు. వదులు!"

ఒక చెప్పు నా చేతిలో, ఒకటి ఆమె చేతిలో. ఇద్దరం వానలో బురదలో గుంజుకుంటున్నాం. వదిన మధ్యలో దూరి ఎవరిని పట్టుకోవాలో తెలియక ఇద్దరి కొంగులూ పట్టుకుంది. ఒకరినొకరం ఏమేం అనుకున్నామో రాయడం బాగుండదు. అంతలో ఒడ్డు వైపు నుంచి ఎవరో ఆడమనిషి గట్టిగా కూత వేసింది. వెంటనే అన్ని ఇళ్ల తలుపులూ తెరుచుకున్నాయి.

నాతో పెనుగులాడుతున్నామె చేతిలో చెప్పు వదిలేసింది. పరుగెత్తుతూనే జుట్టు ముడి వేసుకుంది. పరుగెత్తుతూనే మాట్లాడటం మొదలుపెట్టింది. నిన్నటి నుంచి నోరు మెదపని మనిషి గండి పడ్డ కాలవలాగా మాట్లాడుతోంది.

"రా అక్కా, రా! పడవొచ్చేసింది! అడుగో మా ఆయన, చుక్కాని కాడ! అదిగో నీ మొగుడు, ముందు నిలబడ్డాడు చూడు! నువ్వొచ్చిన సంగతి తెలిస్తే ఎగిరి గంతేస్తాడు!"

అలల మీద ఒక పడవ లేస్తూ పడుతూ వస్తోంది. ముందు భాగంలో తాడు పట్టుకుని నిక్కరుతో నిలబడ్డ మనిషి మా ఆయన. నవ్వుతున్నాడు. ఒడ్డున నన్ను చూసేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

చేపలు దించుతూ ఆమె అంతా చెప్పింది. వేట మీద ఉన్న మనిషి ఊసు ఒడ్డున ఎత్తకూడదు వాళ్లకు. ఎక్కడున్నాడు, ఎప్పుడొస్తాడు అని అడగకూడదు. ఆడవాళ్లు తల దువ్వుకోకూడదు. వెళ్లేటప్పుడు విడిచిన చెప్పులు ఇంటి వైపు తిప్పి పెట్టి, మనిషి తిరిగొచ్చి తొడుక్కునేదాకా కదపకూడదు.

"నిన్నటి నుంచి ఎన్నిసార్లడిగావో నీకు తెలుసా అక్కా? నువ్వు అడిగినప్పుడల్లా నా ప్రాణం పోయింది. ఫోను కూడా అందుకే ఆపేశా. పాక కారుతుందని సామాను మా ఇంట్లో పెట్టుకున్నాడు, పెద్దాయన."

"సముద్రం మీదికెళ్లాడని ఒక్క ముక్క చెబితే పోయేదిగా!" అంది వదిన.

"ఆ ఒక్క ముక్కే అనకూడదమ్మా."

వదిన నా వైపు తిరిగి, "నేను ముందే చెప్పా, మా తమ్ముడు అట్టాంటోడు కాదని," అంది.

"ఎప్పుడు చెప్పావు వదినా?"

"మనసులో."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆడమనిషి లేదని తేలింది, సరే. కాని ఈ మనిషికి ఈత రాదు. పుష్కరాలప్పుడు కూడా మెట్ల మీద కూర్చుని చెంబుతో పోసుకున్నాడు. అలాంటివాడు రోజులకు రోజులు సముద్రం మీదికి పోతున్నాడు, ఇంటికి మాత్రం పాక కూలిందని చెబుతున్నాడు. దాచినది ఒకటి కాకపోతే ఇంకొకటి.

మూసి ఉన్న పాక వసారాలో ఇద్దరం కూర్చున్నాం. ముందు వాన, దాని వెనక సముద్రం.

"ఈత రాదుగా నీకు," అన్నాను.

"పడవకి వచ్చుగా," అన్నాడు.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే వద్దంటావు."

"ఎందుకెళ్లావసలు?"

వాళ్ల పడవలో ఒకతనికి జ్వరం వస్తే తాడు పట్టడానికి ఒక మనిషి కావలసి వచ్చిందట. బస్తాలు మోసిన చేతులు కదా అని పిలిచారట. మొదటిసారి కడుపులోది అంతా కక్కుకున్నాడట. రెండోసారికి అలవాటైందట. తర్వాత వాళ్లు పిలవకపోయినా ఈయనే వెళ్లాడు.

"ఆదివారం కూడానా?"

"చేపకి ఆదివారమేంటే?" అన్నాడు. చూరు నీళ్ల వైపు చూస్తూ అన్నాడు, "ఇంట్లో నాకేం పనుంది? కొబ్బరికాయలు కొట్టడమేగా. ఇదివరకు సాయంత్రం నేను వాక్యం చదివితే నువ్వు వినేదానివి. ఇప్పుడు అదీ నువ్వే చదువుకుంటున్నావు. పడవలో నేను తాడు వదిలితే వల పోద్ది. అందరూ నా వైపే చూస్తారు."

"రేపు మళ్లీ వెళ్తున్నావా?" అన్నాను.

"అట్టా అడగమాక," అన్నాడు.

ఆయన నోట ఆ మాట విని ఆయన మొహంలోకి చూశాను. మా ఇంట్లో పిల్లి ఎదురొస్తే నవ్వి ముందుకెళ్లే మనిషి. ఇప్పుడు వాళ్లలాగే మాట్లాడుతున్నాడు, వాళ్లలాగే సముద్రం వైపు చూస్తున్నాడు. ఇంకొక వానాకాలం పోతే ఈయన తెనాలి మనిషిగా ఉండడు. నాకు దక్కడు. వేరే ఆడదైతే జుట్టు పట్టుకుని అడగొచ్చు, పొద్దున అడిగాను కూడా. దీన్ని పట్టుకోవడానికి ఏముంది?

ఆ రోజూ రేవు పడవ రాలేదు. మర్నాడు తెల్లవారాక నీళ్లు ఎక్కుతున్న వేళకు వేట పడవను నలుగురూ తోస్తున్నారు. వాన సన్నబడింది. ఒడ్డున ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు, ఎవరి నోటా మాట లేదు. మా ఆయన చొక్కా విప్పి, ఫోను ప్లాస్టిక్ కవరులో చుట్టి, అలవాటు చొప్పున ఆ మొదటి ఇంటామె చేతికి ఇచ్చాడు. నేను పక్కనే ఉన్నాను. ఇచ్చాక గుర్తొచ్చి నా వైపు చూశాడు. అప్పటికే పడవ మీద ఒక కాలు వేశాడు.

నేను మోకాలి లోతు నీళ్లలోకి దిగాను. చర్చిలో కీర్తన ఎత్తుకునేంత గట్టిగా అడిగాను.

"ఏమయ్యా, ఎక్కడికి వెళ్తున్నావు? ఎప్పుడొస్తావు? ఆదివారానికి ఇంటికొస్తావా?"

పడవ తోస్తున్నవాళ్లు చేతులు తీసేశారు. ఒడ్డున ముసలమ్మ కళ్లు మూసుకుంది. మాకు అన్నం పెట్టినామె భర్త, ఆ పడవ ఆయనదే, నన్ను తినేసేలా చూసి, మా ఆయనతో అన్నాడు. "పెద్దాయనా, దిగు. నువ్వు రావొద్దు."

"తెలియక అడిగింది," అన్నాడు మా ఆయన.

"తెలిసే అడిగా," అన్నాను.

ఆయన దిగాడు. వాళ్లు పడవను మళ్లీ ఇసుక మీదికి లాగి, పసుపునీళ్లు చల్లి, చాలాసేపు ఆగి, ఆయన లేకుండా వెళ్లారు. ఫోను తీసుకున్నామె దాన్ని నా చేతిలో పెట్టి ఇంటి వైపు నడిచింది. రొయ్యలు వేయించి పెట్టిన మనిషి, రేవు పడవ ఎక్కేదాకా మళ్లీ నా మొహం చూడలేదు. "ఏమే, నువ్వు సామాన్యురాలివి కాదే," అని వదిన నా చెవిలో అంది. అది తిట్టో మెచ్చుకోలో ఇప్పటికీ తేల్చి చెప్పదు.

మధ్యాహ్నం మాతోపాటు ఆయనా బయలుదేరాడు. పడవలో మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. రేపల్లె రైల్లో వాళ్ల అక్క పక్కన కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక వడ్డించింది తిన్నాడు. ఆదివారం చర్చికి వచ్చాడు. ఆ సాయంత్రం బైబిలు ఆయన చేతికిచ్చి చదవమందామని తీశాను. ఇవ్వలేదు. ఇన్నేళ్లకు పట్టుబడ్డ అక్షరాలు, ఎవరి సంతోషం కోసమైనా రానట్టు నటించడం నా వల్ల కాలేదు. నేనే చదివాను. ఆయన విన్నాడు.

సోమవారం మళ్లీ దిబ్బకు వెళ్లాడు. కాపలా పని ఉంది కదా. అప్పటి నుంచి ఏ శనివారమూ తప్పలేదు. నేను అడిగింది ఇంటికి రమ్మనే కనుక, వస్తున్నాడు. పడవ ఎక్కుతున్నాడా లేదా అన్నది మాత్రం చెప్పడు. వాళ్లు మళ్లీ ఎక్కించుకున్నారా అంటే నవ్వుతాడు. ఫోను చేస్తే కొన్నిసార్లు ఎత్తుతాడు, కొన్నిసార్లు మోగి మోగి ఆగిపోతుంది.

ఆయన చొక్కా ఉతికే ముందు, ఎవరూ చూడకుండా, కాలరు నాలుకకు తాకించి చూస్తాను. ఉప్పగానే ఉంటుంది. దీవి మీద ఉన్నవాడికి ఒడ్డున కూర్చున్నా గాలికే ఉప్పు పడుతుంది. దాన్నిబట్టి ఏదీ తేలదు.